ట్రాన్స్‌ఫార్మర్‌లో స్తంభం పెరిగితే పేటెంటు వస్తుందా?

ట్రాన్స్‌ఫార్మర్‌లో విద్యుత్తును మార్చే పనికి కదిలే భాగం ఏదీ అక్కర్లేదు. ఇనుముతోనో ఫెరైట్‌తోనో చేసిన కోర్, దాని మీద చుట్టిన వైండింగులు, మధ్యలో ఇన్సులేషన్ ఉంటే చాలు. మొదటి వైండింగ్‌లో మారుతూ పారే కరెంటు కోర్‌లో మారుతూ ఉండే అయస్కాంత అభివాహాన్ని పుట్టిస్తుంది. వర్క్‌షాపుల్లో దాన్ని ఫ్లక్స్ అంటారు. ఆ ఫ్లక్స్ రెండో వైండింగ్ మధ్య నుంచి పోతూ అందులో వోల్టేజిని పుట్టిస్తుంది. రెండు వైండింగుల చుట్ల నిష్పత్తి ఎంతో వోల్టేజీల నిష్పత్తీ సుమారుగా అంతే. మైకేల్ ఫారడే 1831 ఆగస్టులో ఇనుప వలయం మీద రెండు తీగచుట్లు వేసి, ఒకదానిలోని మార్పు రెండోదానిలో వోల్టేజిని పుట్టిస్తుందని నిరూపించాడు. అప్పటి నుంచి ఈ సూత్రం అందరి సొత్తు. దాని మీద ఎవరికీ హక్కు లేదు, ఇకపై రాదు కూడా.

అయినా ట్రాన్స్‌ఫార్మర్ల మీద పేటెంట్లు నేటికీ వస్తున్నాయి. సూత్రం ఒకటే అయినా ఫ్లక్స్ నడిచే దారిని ఎన్నో రకాలుగా మలచవచ్చు. ఆ దారిని నిర్ణయించేది కోర్ ఆకారం, అందులోనూ నిలువుగా నిలబడిన స్తంభాలు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల తయారీలో వీటిని లింబులంటారు, చిన్న ఫెరైట్ కోర్లలో పోస్టులంటారు. స్తంభాల తలలనూ పాదాలనూ కలిపే అడ్డ భాగం యోక్. స్తంభాలు ఎన్ని, ఏ స్తంభం మీద ఏ వైండింగ్ ఏ దిశలో చుట్టారు, ఏ స్తంభంలో గాలిసందు వదిలారు అన్నవి మారితే ట్రాన్స్‌ఫార్మర్ ప్రవర్తన మారుతుంది. ఈ మార్పుల్లో ఏది పేటెంటుకు తగిన ఆవిష్కరణ, ఏది మామూలు పనితనం అన్నది ఇంజనీర్లకూ పేటెంటు ఎగ్జామినర్లకూ మధ్య ఎప్పుడూ నడిచే వాదం.

ఈ వాదంలో చరిత్రను తెలుసుకోక తప్పదు. కొత్తదని ఎవరైనా తెచ్చినదాన్ని ముందుగా పాతవాటి పక్కన పెట్టి చూస్తారు, ట్రాన్స్‌ఫార్మర్లలో ఆ పాతవాటి గుట్ట చాలా పెద్దది. 1880ల తొలినాళ్లలో లూసియన్ గోలార్, జాన్ డిక్సన్ గిబ్స్ తయారుచేసిన పరికరంలో కోర్ రెండు చివరలా తెరిచి ఉండేది. ఫ్లక్స్ సగం దారి గాలిలోంచి పోవలసి వచ్చేది. ఇంగ్లండులో వారి పేటెంటును పోటీదారైన ఫెరాంటీ వర్గం కోర్టుకు లాగి రద్దు చేయించింది. బుడాపెస్టులోని గాంజ్ కంపెనీ ఇంజనీర్లు జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరి 1885లో మూసి ఉన్న కోర్‌కు పేటెంటు తీసుకున్నారు. వారు చూపిన రూపాలు రెండు. ఇనుప వలయం చుట్టూ రాగి తీగ చుట్టడం ఒకటి, రాగి చుట్ల చుట్టూ ఇనుప తీగ చుట్టడం రెండోది. నేటి కోర్ టైపు, షెల్ టైపు అన్న విభజన అక్కడి నుంచి వచ్చినదే. ఆ ఆవిష్కరణ బలం ఆకారంలోని వింతలో లేదు. కోర్‌ను మూసేయడంతో ఫ్లక్స్ గాలిలోకి పోకుండా ఇనుములోనే తిరిగి వచ్చింది. దానివల్ల ఎన్నో ట్రాన్స్‌ఫార్మర్లను ఒకే లైనుకు సమాంతరంగా కలపడం సాధ్యమైంది.

బహుస్తంభాల కోర్‌కు అసలు పూర్వీకుడు మూడు ఫేజుల ట్రాన్స్‌ఫార్మర్. జర్మనీలో ఏఈజీ కంపెనీ ఇంజనీరు మిఖాయిల్ దోలివో దొబ్రొవోల్‌స్కీ 1889లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1891లో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్ల దూరం మూడు ఫేజుల కరెంటు పంపి చూపిన ప్రదర్శనలోనూ ఆయన పాత్ర ఉంది. మూడు ఒంటి ఫేజు ట్రాన్స్‌ఫార్మర్లను పక్కపక్కన పెడితే ఒక్కోదానికీ ఫ్లక్స్ తిరిగి రావడానికి వేరే దారి కావాలి. మూడు ఫేజుల్లో ఒక్కో ఫేజు 120 డిగ్రీల తేడాతో నడుస్తుంది కాబట్టి, ఏ క్షణాన చూసినా మూడు స్తంభాల ఫ్లక్సులను కూడితే సున్నా వస్తుంది. ఒక స్తంభంలో పైకి వెళ్లిన ఫ్లక్స్ మిగిలిన రెంటిలోంచి కిందికి దిగుతుంది. తిరుగుదారి కోసం వేరే ఇనుము అక్కర్లేదు. మూడు యంత్రాల పని ఒక్క కోర్ చేయడమే కాక ఇనుమూ తగ్గింది. స్తంభాల మధ్య ఏర్పడిన ఈ సంబంధమే అసలు ఆవిష్కరణ.

ఇదే తర్కం ఐదు స్తంభాల కోర్‌లోనూ కనిపిస్తుంది. భారీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్లలో మూడు స్తంభాలకు ఇరుపక్కలా వైండింగ్ లేని మరో రెండు స్తంభాలు పెడతారు. చూడడానికి వృథా ఇనుములా ఉంటుంది. ఫ్లక్స్‌లో కొంత భాగం ఆ పక్క స్తంభాల గుండా తిరిగి పోవడంతో యోక్ మీద భారం తగ్గి, దాని ఎత్తు తగ్గించవచ్చు. రైలు వంతెనల కింద పట్టని ట్రాన్స్‌ఫార్మర్ ఆ తగ్గిన ఎత్తుతో పడుతుంది. వైండింగే లేని స్తంభం కూడా పని చేస్తున్నదనడానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు.

నేటి పేటెంటు దరఖాస్తుల్లో స్తంభాల మాట ఎక్కువగా వినిపించేది మాత్రం ఈ భారీ యంత్రాల్లో కాదు, అరచేతిలో ఇమిడే ఫెరైట్ ట్రాన్స్‌ఫార్మర్లలో. 1930లో టోక్యోలో యొగొరొ కాటో, తకేషి తకేయి కనిపెట్టిన ఫెరైట్ నిజానికి ఒక రకం పింగాణీ. పొడిని అచ్చులో ఒత్తి కొలిమిలో కాలుస్తారు. పలుచటి ఉక్కు రేకులను పేర్చి చేసే కోర్‌కు సాధ్యం కాని ఆకారాలు అచ్చు పోసిన ఫెరైట్‌కు సాధ్యం. గుండ్రటి స్తంభాలు, ఆరో ఎనిమిదో స్తంభాలున్న పలకలు, ఏ వంపు కావాలంటే ఆ వంపు వస్తాయి. పైగా ఫెరైట్ లక్షల హెర్ట్‌జ్ పౌనఃపున్యం వద్ద కూడా పని చేస్తుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదవుతుంది. తీగ చుట్టే బదులు సర్క్యూట్ బోర్డులోని రాగి పొరలనే వైండింగ్‌గా గీసి, బోర్డుకు రంధ్రాలు పెట్టి ఫెరైట్ స్తంభాలను వాటిలోంచి దించే పద్ధతి వచ్చింది. దీన్ని ప్లేనార్ ట్రాన్స్‌ఫార్మర్ అంటారు. సర్వర్లు, ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జర్లు, టెలికాం పరికరాల పవర్ సప్లైల్లో ఇవి విరివిగా ఉంటాయి.

డేటా సెంటరులో సుమారు 380 వోల్టుల నుంచి 12 వోల్టులకు దింపే కన్వర్టర్ ఇలాంటి చోట్ల ఎదురయ్యే అధిక కరెంటు సమస్యను బాగా చూపిస్తుంది. 1000 వాట్ల సరఫరాకు 12 వోల్టుల వైపు 83 ఆంపియర్లకు పైగా పారాలి. అంత కరెంటు ఒకే వైండింగ్‌లో, ఒకే జత కొసల దగ్గర పోగుపడితే రాగి వేడెక్కుతుంది. ఈ భారాన్ని పంచడానికి ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను నాలుగు చిన్నవాటిగా విడగొట్టి, ప్రైమరీలను (మొదటి వైండింగులను) వరుసగా, సెకండరీలను (రెండో వైండింగులను) సమాంతరంగా కలుపుతారు. ఉదాహరణకు 16కు 1 నిష్పత్తి కావలసిన చోట ఒక్కోటి 4కు 1 అయితే సరిపోతుంది. ప్రైమరీలన్నిటిలో పారేది ఒకే కరెంటు కాబట్టి, సెకండరీల్లోనూ కరెంటు సమానంగా పంచుకోబడుతుంది. ఒక్కోదాని వాటా 21 ఆంపియర్లు. దీని పేరు మ్యాట్రిక్స్ ట్రాన్స్‌ఫార్మర్. ఎడ్వర్డ్ హెర్బర్ట్‌కు ఫ్లాట్ మ్యాట్రిక్స్ ట్రాన్స్‌ఫార్మర్ మీద 1987లోనే అమెరికా పేటెంటు వచ్చింది, దాని గడువూ తీరిపోయింది. మ్యాట్రిక్స్ ఆలోచన మాత్రమే ఉన్న దరఖాస్తుకు నేడు కొత్తదనం లేదు.

తర్వాతి మెట్టు వర్జీనియా టెక్‌లో ఫ్రెడ్ లీ పరిశోధక బృందం వంటి చోట్ల పడింది. నాలుగు విడి కోర్లకు బదులు రెండు ఫెరైట్ పలకల మధ్య నాలుగు స్తంభాలు నిలబెట్టి, పక్కపక్క స్తంభాల మీద వైండింగులను ఎదురెదురు దిశల్లో వేస్తే ఏమవుతుంది? చదరపు మూలల్లో నిలిచిన నాలుగింటిలో ఎదురు మూలల జతలో ఫ్లక్స్ పైకి, మిగతా జతలో కిందికి పోతుంది. ఒక స్తంభంలోంచి పైకి వచ్చిన ఫ్లక్స్ రెండుగా చీలి ఇరుపక్కల స్తంభాలకు చేరుతుంది. తిరుగుదారికి వేరే కాలు అక్కర్లేదు. పలకలోని ఒక్కో దారి మీద పడే ఫ్లక్స్ సగమవుతుంది. ఫెరైట్‌లో నష్టం ఫ్లక్స్ సాంద్రతకు వర్గం కన్నా ఎక్కువ వేగంతో పెరుగుతుంది కాబట్టి, సాంద్రత సగమైన చోట అదే ఘనపరిమాణంలో నష్టం నాలుగో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. లేదా అదే నష్టంతో పలకను పలుచన చేయవచ్చు. స్తంభాలను పక్కపక్కన నిలబెట్టడం ఎవరైనా చేయగలరు, వాటి ఫ్లక్సులు ఒకదాన్నొకటి ఆదుకునేలా వైండింగులు వేయడంలోనే ఇంజనీరింగ్ ఉంది.

ఇప్పుడు చట్టం. భారత పేటెంటు చట్టం 1970 ప్రకారం పేటెంటు రావాలంటే మూడు పరీక్షలు నెగ్గాలి. అది కొత్తదై ఉండాలి, అందులో ఇన్వెంటివ్ స్టెప్ ఉండాలి, పరిశ్రమలో ఉపయోగపడాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు మూడోది చిక్కే కాదు. కొత్తదనం పరీక్షలో, క్లెయిమ్ (దరఖాస్తుదారు కోరే హక్కు హద్దు) లోని అంశాలన్నీ ఏదో ఒక పాత పత్రంలో ఒకేచోట ఉంటే దరఖాస్తు అక్కడే ఓడుతుంది. ఆ పాత పత్రం ఏ దేశంలోదైనా, ఏ భాషలోదైనా సరే. అసలు పోరాటం ఇన్వెంటివ్ స్టెప్ దగ్గరే జరుగుతుంది. చట్టంలోని 2(1)(జెఏ) సెక్షన్ ప్రకారం ఆవిష్కరణలో, అప్పటికే ఉన్న పరిజ్ఞానం కన్నా సాంకేతికమైన ముందడుగో ఆర్థిక ప్రాముఖ్యమో రెండూనో ఉండాలి. ఆ రంగంలో నిపుణుడైన వ్యక్తికి అది ఇట్టే తట్టేది కాకూడదు. లేత్ మీద పాత్రలను పట్టి నిలిపే పరికరం గురించిన బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో సుప్రీంకోర్టు 1978లో గీసిన గీత ఇప్పటికీ ఎగ్జామినర్ల నోట వినిపిస్తుంది. ఆవిష్కరణ అంటే వర్క్‌షాపులో జరిగే మామూలు మెరుగుదల కన్నా ఎక్కువై ఉండాలని, తెలిసిన వస్తువులను ఒకచోట చేర్చినంత మాత్రాన చాలదని కోర్టు చెప్పింది.

బహుస్తంభాల కోర్‌కు నేరుగా తగిలేది 3(ఎఫ్) సెక్షన్. తెలిసిన పరికరాలను కేవలం అమర్చడం, అటూఇటూ మార్చి అమర్చడం, లేదా వాటి సంఖ్య పెంచడం, అందులో ఒక్కోటీ తన పాత పని తానే స్వతంత్రంగా చేసుకుపోతుంటే, ఆవిష్కరణ కాదని అది అంటుంది. ఇక్కడ కీలకం స్వతంత్రంగా అన్న షరతు. నాలుగు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లను బోర్డు మీద వరుసగా అతికించి, వాటి మధ్య అయస్కాంత సంబంధమేమీ లేకపోతే ఆ దరఖాస్తు ఈ సెక్షన్‌కు దొరికిపోతుంది. నాలుగు స్తంభాలూ ఒకే పలకలను పంచుకుని, ఒకదాని ఫ్లక్స్ మరొకదానిలోంచి తిరిగి వస్తుంటే అవి స్వతంత్రంగా పని చేస్తున్నాయని ఎవరూ అనలేరు. ఒక స్తంభాన్ని తీసేస్తే మిగతా వాటి పని చెడుతుంది. ఈ మాటను దరఖాస్తులో లెక్కతో, బొమ్మతో చెప్పిన ఇంజనీరు సగం గెలిచినట్టే.

అమెరికాలో ఇదే ఆలోచన వేరే దారిలో వచ్చింది. 1960లో హార్జా కేసులో అప్పటి కస్టమ్స్, పేటెంటు అప్పీళ్ల కోర్టు, భాగాల సంఖ్య పెంచడానికి పేటెంటు విలువ లేదని, కొత్తదైన ఊహించని ఫలితం వస్తే తప్ప దాన్ని లెక్కలోకి తీసుకోరాదని చెప్పింది. 2007లో కేఎస్ఆర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తెలిసిన భాగాలను తెలిసిన పద్ధతుల్లో కలిపినప్పుడు ఊహించిన ఫలితమే వస్తే అది ఆవిష్కరణ కాదని తేల్చింది. యూరప్ పేటెంటు ఆఫీసు, కొత్తదానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న పాత పత్రాన్ని ముందు పెట్టుకుని, దానితో పోలిస్తే కొత్తది ఏ సాంకేతిక సమస్యను తీర్చింది, నిపుణుడికి ఆ పరిష్కారం తడుతుందా అని అడుగుతుంది. మూడు చోట్లా మాటలు వేరైనా అడిగేది ఒకటే: స్తంభం పెరిగినందువల్ల కోర్‌లో నిజంగా ఏం మారింది?

ఈ ప్రశ్నకు కొన్ని జవాబులు బలహీనంగా ఉంటాయి. నాలుగు స్తంభాలకు బదులు ఆరు పెట్టి, ఎక్కువ కరెంటు వస్తుందనడం అలాంటిది. నాలుగు చూసిన నిపుణుడు ఆరు ఊహించగలడు. గాలిసందును అర మిల్లీమీటరు నుంచి 0.6 మిల్లీమీటరుకు మార్చి సామర్థ్యం కొంచెం పెరిగిందనడమూ అంతే, అది రోజువారీ సర్దుబాటు. వాటికి భిన్నంగా, మధ్య స్తంభంలో మాత్రమే గాలిసందు పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్‌తో పాటు విడిగా ఉండాల్సిన ఇండక్టర్ పనిని కూడా అదే కోర్‌లో ఇమిడ్చిన వ్యక్తి మాట వేరు. స్లొబొదన్ చూక్‌కు 1981లో వచ్చిన అమెరికా పేటెంటులో ట్రాన్స్‌ఫార్మర్, ఇండక్టర్లు ఒకే అయస్కాంత వలయంలో కలిసి కరెంటులోని అలలను రద్దు చేస్తాయి. పక్క స్తంభాల వైండింగులను అసమానంగా పంచి లీకేజి ఇండక్టెన్స్‌ను కావలసినంతకు తెచ్చుకోవడం, సెకండరీ చుట్టు లోపలే రెక్టిఫైయర్ స్విచ్‌ను కూర్చోబెట్టి కొసల నష్టం తగ్గించడం కూడా ఈ కోవలోనివే. వీటిలో చాలావాటిపై ఇప్పటికే పత్రాలున్నాయి. ఈ రంగంలో చోటు ఇరుకైంది. కొత్త దరఖాస్తుదారు తన ముందడుగు చిన్నదైనా సరే, అది ఎక్కడుందో కచ్చితంగా చూపాలి.

చూపించేది క్లెయిముల్లో. పొలం రిజిస్ట్రేషన్ దస్తావేజులో చెక్కుబంది ఎంత ముఖ్యమో పేటెంటులో క్లెయిమ్ అంత ముఖ్యం. అందులో రాసిన హద్దుల లోపలిదే హక్కు. పై పలక, కింది పలక, మధ్యలో నాలుగు స్తంభాలు, ఒక్కోదానిపై వైండింగ్ అని మాత్రమే రాస్తే హద్దు పాత పేటెంట్ల భూమిలోకి చొచ్చుకుపోతుంది, ఎగ్జామినర్ కొట్టేస్తాడు. నాలుగు అన్న అంకెను మొదటి క్లెయిమ్‌లోనే బిగిస్తే మరో చిక్కు ఉంది. పోటీదారు మూడో ఐదో స్తంభాలు పెట్టి పక్కనుంచి దాటిపోతాడు. అందుకే అనుభవజ్ఞులు మొదటి క్లెయిమ్‌లో అంకె బదులు సంబంధాన్ని రాస్తారు. రెండు లేదా అంతకు మించిన స్తంభాలు, పక్కపక్క స్తంభాల్లో ఫ్లక్స్ ఎదురు దిశల్లో ఉండేలా వైండింగులు, దానివల్ల పలకలో ఫ్లక్స్ చీలిపోవడం, వీటికి తోడు తమ సొంత కొత్త అంశం. నాలుగు స్తంభాలు, బోర్డు పొరల సంఖ్య, గాలిసందు ఉన్న చోటు వంటి వివరాలు తర్వాతి క్లెయిముల్లో మెట్లుగా వస్తాయి. పై మెట్టు కూలినా కింది మెట్టు నిలబడుతుంది.

క్లెయిమ్‌కు ఆధారం స్పెసిఫికేషన్. సెక్షన్ 10 ప్రకారం ఆవిష్కరణను, దాన్ని అమలు చేసే పద్ధతిని పూర్తిగా వివరించాలి, దరఖాస్తుదారుకు తెలిసిన అత్యుత్తమ విధానాన్ని దాచకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో బలమైన సాక్ష్యం పోలిక. పాత అమరిక, కొత్త అమరిక రెంటినీ ఒకే కోర్ పదార్థం, ఒకే పౌనఃపున్యం, ఒకే లోడ్ వద్ద కొలిచి నష్టాన్ని, ఉష్ణోగ్రతను పక్కపక్కన పెట్టాలి. కంప్యూటర్ సిమ్యులేషన్ చిత్రాలు ఉపయోగపడతాయి, బల్ల మీద కొలిచిన అంకెలకు బరువెక్కువ.

చట్టం మొత్తంగా తలుపు మూసిన చోట్లూ ఉన్నాయి. పెట్టిన విద్యుత్తు కన్నా ఎక్కువ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ అన్న దరఖాస్తు ప్రకృతి నియమాలకు విరుద్ధమని 3(ఎ) కింద పోతుంది. శాస్త్ర సూత్రాన్ని కనుగొన్నంత మాత్రాన 3(సి) ఒప్పుకోదు. కోర్ రూపం అందంగా ఉందన్న కారణంతో వచ్చే రక్షణ డిజైన్ల చట్టం 2000 కిందిది. అది కంటికి కనిపించే రూపానికే తప్ప పనితీరుకు వర్తించదు. 

పేటెంటు తీసుకోవాలా, రహస్యంగా ఉంచుకోవాలా అన్న ప్రశ్నకు ట్రాన్స్‌ఫార్మర్లలో జవాబు దాదాపు స్పష్టం. స్తంభాల సంఖ్య, వైండింగ్ దిశ పెట్టె విప్పితే కనిపిస్తాయి. దాచడానికి వీల్లేనిదాన్ని పేటెంటుతోనే కాపాడుకోవాలి. అలాగే పోటీదారు కాపీ కొట్టాడా అన్నదీ అతని సరుకు విప్పి నిరూపించవచ్చు. ఫెరైట్ పొడి మిశ్రమం, కొలిమి ఉష్ణోగ్రతల క్రమం అలా కాదు. కోర్‌ను చూసి వాటిని చెప్పడం కష్టం కాబట్టి వాటిని కంపెనీలు రహస్యంగానే ఉంచుకుంటాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంటు ఆఫీసు పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్లో దాఖలు చేస్తే వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు, విద్యాసంస్థలకు ప్రాథమిక రుసుము 1600 రూపాయలు, ఇతరులకు 8000. మొదట ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ ఇచ్చి 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వవచ్చు. సాధారణంగా 18 నెలలకు దరఖాస్తు ప్రచురితమవుతుంది. 2024లో సవరించిన నిబంధనల ప్రకారం 31 నెలల్లోపు పరీక్ష కోసం విడిగా కోరాలి. పేటెంటు ఇవ్వకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, ఇచ్చాక ఏడాదిలోపు సంబంధం ఉన్నవారు చెప్పవచ్చు. హక్కు దాఖలు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది. ఇక్కడ నివసించేవారు విదేశంలో ముందుగా దాఖలు చేయాలంటే సెక్షన్ 39 కింద అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ దాఖలు చేసి ఆరు వారాలు ఆగాలి.

పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబులు నడిపే మన ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకులు, విద్యార్థులు ఒక విషయంలో జాగ్రత్త పడాలి. కొత్త కోర్ అమరికను సెమినార్‌లోనో జర్నల్‌లోనో ముందుగా బయటపెడితే, సొంత పేపరే సొంత పేటెంటుకు అడ్డుపడుతుంది. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది. భారత చట్టంలో విద్వత్సభల ముందు చదివిన పత్రాలకు సెక్షన్ 31 ఇచ్చే 12 నెలల మినహాయింపు ఇరుకైనది, యూరప్‌లో ఆ పాటిది కూడా లేదు. పేపరు పంపే ముందే కోర్ బొమ్మ, వైండింగ్ దిశలు, కొలిచిన అంకెలతో ప్రొవిజనల్ దరఖాస్తును చెన్నైకి పంపాలి.